ఒక్క వాచ్, ఐదుగురం: మన పరుగు లెక్క ఎవరి ఖాతాలో పడుతోంది?



కొంచెం పెద్ద పోస్టు ఇది. పోలీసు, ఆర్మీ, ఫారెస్ట్ ఉద్యోగాల ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేస్తున్నవాళ్లు, చేతికి స్మార్ట్ వాచ్ కట్టుకుని ఉరుకుతున్నవాళ్లు తీరిక చూసుకుని చివరిదాకా చదవండి. వాచ్‌లో పడ్డ లెక్క ఫోన్‌లోకి ఎట్ల వస్తది, మధ్యలో ఎక్కడ పోతది, వచ్చిన లెక్కని ఎంతవరకు నమ్మాలి, అది ఇంకెవరి దగ్గరికి పోతది అన్న నాలుగు సంగతులు మాకు తెలిసినంతలో రాస్తున్నాం.

మేము ఐదుగురం. సికింద్రాబాద్‌లో తార్నాక దగ్గర ఒక గదిలో ఉంటున్నాం. ఇద్దరం మహబూబాబాద్ జిల్లా తాండాల నుంచి కాకతీయ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చినవాళ్లం. ఇద్దరం ములుగు వైపు కోయ గూడేల వాళ్లం. ఒకరు ఉట్నూరు నుంచి బస్సులో జేబీఎస్‌లో దిగిన గోండు తమ్ముడు. పొద్దున నాలుగున్నరకి లేచి ఉస్మానియా క్యాంపస్ వైపు ఉరుకుతాం. తలా 360 రూపాయలు వేసుకుని 1,800కి ఒక వాచ్ కొన్నాం. ఏ కంపెనీది అన్నది ఇక్కడ ముఖ్యం కాదు, ఆ ధరలో దొరికేవన్నీ ఇంచుమించు ఒకే తీరు.

వాచ్ ఆన్ చేసి యాప్ ఓపెన్ చేయగానే అది అడిగే మొదటి ప్రశ్న: మీ పేరు, వయసు, ఎత్తు, బరువు. ఐదుగురి ఎత్తు ఎక్కడ రాయాలి? ఫోన్ ఎవరిదో వాళ్ల వివరాలే రాశాం, ఇంకో దారి లేదు. తయారుచేసినవాళ్ల లెక్కలో ఒక వాచ్ అంటే ఒక మనిషి, ఒక ఫోన్, ఒక ఖాతా. మన దగ్గర ఒక ఫోన్ మీద ఇల్లంతా, ఒక గైడ్ పుస్తకం మీద హాస్టల్ గది మొత్తం బతుకుతది. ఆ వాచ్‌కి "నేను" అంటే తెలుసు, "మేము" అంటే తెలియదు.

ముందు సింక్ అంటే ఏంటో చూద్దాం. ఇప్పపువ్వు ఏరినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమైతది. చెట్టు కింద ఏరింది బుట్టలో వేస్తాం. బుట్ట ఇంటికి తెచ్చి ఆరబోస్తాం. ఇంటి నుంచి సంతకి పోతది. వాచ్ బుట్ట లాంటిది, అందులో పట్టేది తక్కువ. ఫోన్‌లోని యాప్ ఇల్లు. కంపెనీ సర్వర్ సంత. వాచ్ నుంచి ఫోన్‌కి బ్లూటూత్ మీద వస్తది, దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఫోన్ నుంచి సర్వర్‌కి పోవాలంటే డేటా కావాలి. ఈ రెండు దారుల్లో ఏది తెగినా మనం "సింక్ అయితలేదు" అనే అంటాం. కానీ ఏది తెగిందో తెలిస్తేనే బాగుచేయగలం.

బుట్ట నిండితే ఏమైతది? పువ్వు అయితే పైనుంచి కింద పడుతది. వాచ్‌లో అట్ల కాదు, కొత్త లెక్క కోసం పాతది చెరిగిపోతది. మా వాచ్ ఏడు రోజుల లెక్క దాచుకుంటది. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా మేడారం జాతర అయింది కదా. ములుగు తమ్ముడు ఆ వాచ్ కట్టుకుని పది రోజుల ముందే ఊరికి పోయాడు. ఫోన్ ఉన్న అన్నకి పరీక్ష ఉండి ఇక్కడే ఉన్నాడు. తమ్ముడు ఊరు నుంచి మేడారం దాకా నడిచాడు, జాతర నాలుగు రోజులూ తిరిగాడు, మళ్లీ నడిచి ఇంటికొచ్చి, ఇంకో రెండు రోజులు ఉండి సికింద్రాబాద్ చేరాడు. వాచ్‌ని ఫోన్ పక్కన పెడితే చివరి వారమే వచ్చింది. పోయేటప్పటి నడక మొత్తం లేదు. "అమ్మలకి తెలుసులే అన్నా, నేను నడిచింది" అని నవ్వాడు. మొక్కుకైతే అది చాలు. ప్రాక్టీస్ లెక్కకి చాలదు.

అందుకే సింక్ సరిగ్గా జరగాలంటే చేయాల్సిన పనులు వరసగా చెప్తున్నాం.

మొదటిది, వాచ్‌ని దాని యాప్ లోపలి నుంచే పెయిర్ చేయాలి. ఫోన్ సెట్టింగ్స్‌లో బ్లూటూత్ లిస్టులో పేరు కనబడి "కనెక్టెడ్" అని వచ్చినంత మాత్రాన అడుగుల లెక్క రాదు. చాలా వాచ్‌లలో అది కాల్స్ కోసం పెట్టిన వేరే కనెక్షన్.

రెండోది, పర్మిషన్లు. ఆండ్రాయిడ్ 12 నుంచి పక్కనున్న పరికరాలను వెతకడానికి "నియర్‌బై డివైజెస్" అని వేరే పర్మిషన్ అడుగుతది. పాత ఫోన్లలో అదే పనికి లొకేషన్ పర్మిషన్ కావాలి. మనలో చాలామంది వాడేది చేతులు మారిన పాత ఫోన్లే కాబట్టి ఇది గుర్తుపెట్టుకోండి. కాంటాక్ట్స్, మెసేజ్‌ల పర్మిషన్ కూడా అడుగుతది. అవి వాచ్ మీద కాల్ పేరు, మెసేజ్ చూపించడానికి. పరుగు లెక్కకి వాటితో పని లేదు, ఇవ్వకపోయినా అడుగులు వస్తాయి.

మూడోది, బ్యాటరీ. చాలా ఫోన్లు ఛార్జింగ్ మిగల్చడానికి వెనకాల నడిచే యాప్‌లని ఆపేస్తాయి. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ "అన్‌రిస్ట్రిక్టెడ్" పెట్టండి. అది వద్దనుకుంటే రోజూ రాత్రి ఒక్కసారి యాప్ తెరిచి, స్క్రీన్‌ని కిందికి లాగి సింక్ అయ్యేదాకా ఆగండి. మేము చేసేది ఇదే. అన్నం తిన్నాక ఒక నిమిషం పని.

నాలుగోది, వాచ్‌ని ఇంకో ఫోన్‌కి మార్చేటప్పుడు ముందు సింక్ చేయండి, ఆ తర్వాతే పాత ఫోన్ నుంచి అన్‌పెయిర్ చేయండి. చాలా వాచ్‌లు అన్‌పెయిర్ చేయగానే లోపల ఉన్నది తుడిచేసుకుంటాయి.

ఐదోది, ఆండ్రాయిడ్ 14 నుంచి ఫోన్‌లోనే హెల్త్ కనెక్ట్ అని ఒకటి వస్తది. అది మన ఇంటి గాదె లాంటిది. లెక్క ఫోన్‌లోనే దాచి, మనం ఒప్పుకున్న యాప్‌లకి మాత్రమే చూపిస్తది. మీ వాచ్ యాప్‌లో ఆ ఆప్షన్ ఉంటే ఆన్ చేసుకోండి. రేపు ఫిట్‌నెస్ యాప్ మారినా పాత లెక్క చేతిలో ఉంటది.

సరే, సింక్ అయింది. మరి వచ్చిన లెక్క నిజమేనా?

ఒక వారం చివర్లో యాప్ మా అన్నకి ఇట్ల చూపించింది: గుండె వేగం ఒకరోజు నిమిషానికి 52, మర్నాడు 74, ఆ మర్నాడు 55. "మీ శరీరానికి విశ్రాంతి కావాలి" అని సలహా కూడా ఇచ్చింది. అసలు సంగతి ఏంటంటే 52 ఉట్నూరు తమ్ముడిది, 74 అప్పుడే జ్వరం నుంచి లేచిన ఇంకొకరిది. ఐదు ఒళ్ల లెక్క కలిపి ఒక మనిషిని తయారుచేసి, ఆ లేని మనిషికి యాప్ సలహా చెప్పింది. వాచ్ పంచుకుని వాడేవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. విశ్రాంతిలో గుండె వేగం, నిద్ర, క్యాలరీలు, "ఫిట్‌నెస్ వయసు" లాంటివి ఒకే మనిషి వారాల తరబడి కట్టుకుంటేనే అర్థమున్నవి. పంచుకునే వాచ్‌లో పనికొచ్చేవి రెండే: ఆ ఒక్క పరుగు సమయం, ఆ ఒక్క పరుగులో గుండె వేగం.

దూరం లెక్క ఇంకా జాగ్రత్తగా చూడాలి. మన ధరలో దొరికే వాచ్‌లు చాలావాటిలో సొంత జీపీఎస్ ఉండదు. ఫోన్ వెంట ఉంటే దాని జీపీఎస్ వాడుకుంటాయి. ఫోన్ గదిలో పెట్టిపోతే చేతి ఊపుని బట్టి అడుగులు లెక్కపెట్టి, యాప్‌లో రాసిన ఎత్తుని బట్టి ఒక్కో అడుగు ఇంత అని ఊహించి దూరం చెప్తాయి. అందులో రాసింది అన్న ఎత్తు, ఉరికింది తమ్ముడు. ఇంక దూరం ఎట్ల సరిపోతది?

ఇది చిన్న తేడా కాదా అంటే లెక్క చూడండి. 2022 నోటిఫికేషన్‌లో తెలంగాణ కానిస్టేబుల్, ఎస్సై పోస్టులకి మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలని పెట్టారు. 1600 మీటర్లకి వాచ్ దూరం నూటికి మూడు తప్పితే 48 మీటర్లు. ఆ వేగంతో 48 మీటర్లు ఉరకడానికి 13 సెకన్లు పడుతది. వాచ్ చూసి "7 నిమిషాల 5 సెకన్లలో కొట్టేసిన" అనుకున్న తమ్ముడు అసలు గ్రౌండ్‌లో 7 నిమిషాల 18 సెకన్లకి వస్తాడు. మూడు సెకన్లకి ఉద్యోగం పోతది. ఊళ్లో అమ్మానాన్న ఏ పొలం మీద అప్పు తెచ్చి సిటీకి పంపారో ఆ అప్పు అట్లనే ఉంటది.

దీనికి మందు సులువే. 400 మీటర్ల ట్రాక్ దొరికిన రోజు లోపలి లైన్‌లో నాలుగు రౌండ్లు వేయండి, అది 1600. వాచ్ ఎంత చూపించిందో పక్కన రాసుకోండి. ఆ తేడా మీకు తెలిస్తే చాలు, వాచ్ మార్చాల్సిన పని లేదు. రౌండుకి 1 నిమిషం 48 సెకన్లు దాటకుండా ఉరకడం అలవాటు చేసుకోండి. దూరం ట్రాక్‌ని నమ్మండి, సమయం స్టాప్‌వాచ్‌ని నమ్మండి. కొత్త నోటిఫికేషన్ వచ్చినప్పుడు అందులో ఏముందో చూసుకోవడం మర్చిపోవద్దు.

అడుగుల మీద ఇంకో మాట. రోజుకి 10,000 అడుగులు అని అన్ని యాప్‌లూ చెప్తుంటాయి కదా. ఆ అంకె ఏ డాక్టరో తేల్చింది కాదు. 1965లో జపాన్‌లో యమాసా అనే కంపెనీ అడుగులు లెక్కపెట్టే ఒక మీటర్ అమ్మింది, దాని పేరే "పదివేల అడుగుల మీటర్". ఆ పేరు అట్లనే నిలిచిపోయింది. మొన్న పండుగకి పోయినప్పుడు తాండాలో యాడి చేతికి ఈ వాచ్ కట్టి చూశాం. పొద్దుటి నుంచి బోరింగ్‌కి ఎన్నిసార్లు పోయిందో లెక్కే లేదు. రెండు చేతులా నెత్తి మీది బిందె పట్టుకుని నడిచిన నడక సగం కూడా వాచ్‌లో పడలేదు. చేయి ఊగితేనే దానికి అడుగు. "మీ గడియారానికి నీళ్లు మోసుడు కనబడదా బిడ్డా" అంది. మన ఇళ్లలో ఎక్కువ కష్టం చేసేవాళ్ల కష్టమే ఆ లెక్కలో తక్కువ పడుతదని ఆ రోజు కళ్లారా చూశాం.

గుండె వేగం తీరూ చూడండి. వాచ్ వెనకాల ఆకుపచ్చ లైటు వెలుగుతది. నెత్తురు ఆ లైటుని పీల్చుకుంటది, గుండె కొట్టుకున్నప్పుడల్లా తిరిగొచ్చే వెలుగు మారుతది, దాన్ని లెక్కపెడుతది. మణికట్టు మీద పచ్చబొట్టు ఉంటే ఆ సిరా లైటుని అడ్డుకోవచ్చు. మన అవ్వల చేతులు గుర్తొచ్చాయి కదా! ముదురు రంగు చర్మం కూడా ఆ లైటుని ఎక్కువ పీల్చుకుంటది. గుండె వేగం విషయంలో దీనివల్ల తేడా వస్తుందని కొన్ని అధ్యయనాలు, రాదని కొన్ని చెప్పాయి. రక్తంలో ఆక్సిజన్ విషయంలో మాత్రం 2020లో అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ డాక్టర్లు ఆసుపత్రుల్లో వేలికి పెట్టే పరికరాల లెక్కలు చూసి, నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ పడిపోవడాన్ని అవి తెల్లవాళ్లకంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు పట్టుకోలేకపోయాయని రాశారు. ఆసుపత్రి పరికరమే అట్ల ఉంటే 1,800 రూపాయల వాచ్ చూపించే ఆక్సిజన్ అంకె పట్టుకుని ధైర్యపడొద్దు, భయపడొద్దు. వాచ్‌ని మణికట్టు ఎముకకి ఒక వేలు పైన, జారకుండా బిగించి కట్టండి. చలిలో మొదటి పది నిమిషాల అంకెలు పట్టించుకోకండి.

వాచ్ అసలే చెప్పలేని సంగతి సికిల్ సెల్. మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఇది ఉన్న కుటుంబాలు చాలా. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో దీనిమీద జాతీయ మిషన్ మొదలైంది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు వాళ్లకి పరీక్షలు చేసి కార్డు ఇవ్వడం అందులో భాగం. జబ్బు లేకుండా ఆ లక్షణం మాత్రమే మోసేవాళ్లు కూడా ఎండలో, నీళ్లు తాగకుండా, ఒక్కసారిగా గట్టిగా ఉరికితే కుప్పకూలే ప్రమాదం ఉంది. ఈవెంట్స్ ప్రాక్టీస్ మొదలుపెట్టే ముందు ఆ పరీక్ష చేయించుకోండి. ఆ ఒక్క కాగితం ఏడాది వాచ్ లెక్కకంటే విలువైంది.

ఇంక చివరి సంగతి. ఈ లెక్క ఎవరి దగ్గరికి పోతోంది?

వారానికి రెండు రోజులు మా వాచ్, ఫోన్ పక్క వీధి హాస్టల్‌లో ఉండే చెల్లెళ్లు తీసుకుపోతారు. ఒకరోజు ఒక చెల్లె మ్యాప్ చూసి అడిగింది: "అన్నా, మేము ఏ గేటు నుంచి బయటికొస్తమో, ఎన్ని గంటలకి వస్తమో, ఏ సందులోంచి పోతమో అంతా ఇందులో ఉంది కదా. ఈ ఫోన్ రేపు రిపేర్‌కి ఇస్తరు, ఎల్లుండి అమ్ముతరు. మరి ఇది ఎవరి చేతిలో పడుతది?" ఆ రోజు నుంచి వాళ్ల పరుగులకి లొకేషన్ ఆఫ్‌లోనే ఉంటది.

ఆ చెల్లె భయం ఉత్తిది కాదు. స్ట్రావా అనే యాప్ 2017 నవంబర్‌లో తన యూజర్లంతా ఉరికిన దారులని కలిపి ప్రపంచ మ్యాప్ ఒకటి బయటపెట్టింది. 2018 జనవరిలో ఆస్ట్రేలియాకి చెందిన ఒక విద్యార్థి ఆ మ్యాప్ చూసి, ఎడారుల మధ్య సైనిక స్థావరాలు గీతలు గీసినట్టు కనబడుతున్నాయని లోకానికి చెప్పాడు. సైనికులు చేతికి వాచ్ కట్టుకుని జాగింగ్ చేశారు, అంతే. కంటోన్మెంట్ ఉన్న మన సికింద్రాబాద్‌లో ఆర్మీ కోసం ఉరికే తమ్ముళ్లు ఇది తెలుసుకోవాలి. అంత పెద్ద సైన్యాల జాడే దాగలేదు, ఒక ఆడపిల్లల హాస్టల్ గేటు ఎంత? అట్లాంటి యాప్‌లలో ప్రొఫైల్ ప్రైవేట్ పెట్టుకునే, మొదలయ్యే చోటు, ఆగే చోటు దాచే సెట్టింగ్ ఉంటది. వెతికి ఆన్ చేయండి.

ఒంటి లెక్క ఇంకొకరికి ఇవ్వడం సికింద్రాబాద్‌కి కొత్త కాదు. బేగంపేటలో ఉన్న రొనాల్డ్ రాస్ భవనం చాలామంది చూసే ఉంటారు. 1897 ఆగస్టు 20న రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది ఇక్కడే. ఆ దోమ కుట్టిన రోగి పేరు హుసేన్ ఖాన్. కుట్టిన ఒక్కో దోమకి ఒక్కో అణా ఇచ్చారు ఆయనకి. 1902లో రాస్‌కి నోబెల్ వచ్చింది. మలేరియాతో ఎంతోమందిని పోగొట్టుకున్న మన గూడేలకి ఆ కనుక్కోవడం మేలే చేసింది, కాదనలేం. కానీ హుసేన్ ఖాన్‌కి కనీసం తన ఒళ్లు దేనికి ఇస్తున్నాడో, ఎంతకి ఇస్తున్నాడో ఎదురుగా తెలుసు. మనం "ఐ అగ్రీ" నొక్కినప్పుడు అణా కూడా రాదు, ఎందుకిచ్చామో కూడా చదవం.

సంతలో తూకం దగ్గర మోసపోయిన కథలు మన తాతలందరూ చెప్పారు. ప్రైవేటు వ్యాపారుల తూకం నుంచి గిరిజనులని కాపాడాలనే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. బుట్ట మనదైతే సరిపోదు, కాటా ఎవరి చేతిలో ఉందో చూడాలని వాళ్లు కష్టపడి నేర్చుకున్నారు. ఇప్పుడు 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది. మన సమాచారం వాడాలంటే మన సమ్మతి కావాలని, తప్పుంటే సరిచేయించుకునే, తీసేయించుకునే హక్కు మనకుందని అది చెప్తుంది. ఆ హక్కు వాడుకోవాలంటే ముందు లెక్క ఎక్కడుందో తెలియాలి కదా. ఫోన్ అమ్మేముందు యాప్‌లో అకౌంట్ డిలీట్ చేసి, ఆ తర్వాత ఫోన్ రీసెట్ చేయండి. ఉత్త అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ఇంట్లో బుట్ట పారేసినట్టు, సంతలో ఖాతా అట్లనే ఉంటది.

ఇప్పుడు మా గదిలో నడుస్తున్న పద్ధతి చెప్పి ముగిస్తాం. ఒక 200 పేజీల నోట్‌బుక్ కొన్నాం. తేదీ, పేరు, ఎన్ని రౌండ్లు, స్టాప్‌వాచ్ సమయం, వాచ్ చూపించిన దూరం, గుండె వేగం, ఒంట్లో ఎట్ల ఉంది అని ఏడు గడులు. రాత్రి సింక్ అయ్యాక ఎవరి వరస వాళ్లు రాసుకుంటారు. చెల్లెళ్ల నోట్‌బుక్ వాళ్ల దగ్గరే ఉంటది. నోట్‌బుక్‌కి ఛార్జింగ్ అక్కర్లేదు, అది ఐదుగురిని ఐదుగురిగానే చూస్తది. ఉట్నూరు తమ్ముడు రెండు నెలల్లో 7 నిమిషాల 40 సెకన్ల నుంచి 7 నిమిషాల 9 సెకన్లకి వచ్చాడు. ఆ సంగతి యాప్‌లో ఎక్కడా లేదు, యాప్‌కి తమ్ముడే లేడు. నోట్‌బుక్ పద్నాలుగో పేజీలో ఉంది.

మీ హాస్టల్‌లో, మీ రూమ్‌లో వాచ్ పంచుకుని వాడేవాళ్లు ఎట్ల చేస్తున్నారో కింద రాయండి. సింక్ కాక ఆగిపోయినవాళ్లు వాచ్ ఏది, ఆండ్రాయిడ్ ఎన్నోది అని రాస్తే తెలిసినవాళ్లం సాయం చేస్తాం. ఆదివారం పొద్దున ట్రాక్ మీద వాచ్ తేడా చూసుకోవాలనుకునేవాళ్లు తార్నాక వైపు ఉంటే చెప్పండి, కలిసి ఉరుకుదాం.

జోహార్.